ఎడిసన్ ఇంటికి ఇటలీ సారె

అమెరికా వెళ్లొచ్చానని తెలియగానే బందర్లో ప్రతివాళ్లూ అడిగేది నయాగరా గురించే. నేను నయాగరా చూడలేదు. స్వేచ్ఛాదేవి విగ్రహాన్ని మాత్రం ఒక వంతెన మీంచి వెళ్తూ దూరంగా చూశాను. మరమ్మతుల కోసం దాని చుట్టూ ఇనుప కమ్మీలు కట్టి ఉన్నాయి, మా ఊళ్లో సగం కట్టి వదిలేసిన చర్చి గోపురంలా ఉంది. అది ఎనభై నాలుగు ఆగస్టు. నెల రోజులు అక్కడున్నాను. అందులో నాకు బాగా గుర్తున్నది నేనూ మా అక్క కూతురూ కారులో తిరిగిన మూడు రోజులు, వాటి తర్వాత వచ్చిన ఒక ఆదివారం. మేం వెళ్లింది వింతలు చూడ్డానికి కాదు, వంట సామాను కొనడానికి.

ఎడిసన్

మా అక్క కూతురు రూతు నర్సు. న్యూజెర్సీలో ఎడిసన్ అనే ఊళ్లో ఉంటుంది. నేను వెళ్లడానికి ఏడాది ముందు టోనీ అనే ఇటలీ వాళ్ల అబ్బాయిని చర్చిలో పెళ్లి చేసుకుంది. వాళ్ల తాతల కాలంలో సిసిలీ అనే దీవి నుంచి వచ్చి అమెరికాలో స్థిరపడ్డ కుటుంబం. అబ్బాయి మంచివాడు, టెలిఫోన్ల పని. పెళ్లికి మా వైపు నుంచి ఎవరం వెళ్లలేకపోయాం. పిల్లని సారె లేకుండా కాపరానికి పంపానని మా అక్క ఏడాది పొడుగునా ఏడుస్తూనే ఉంది. అక్కకి విమానమంటే చచ్చేంత భయం. అందుకని స్కూల్లో సెలవు పెట్టి, అరిసెలు, సున్నుండలు, జంతికలు పెట్టెలో కుక్కుకుని నేను బయల్దేరాను.

రూతు పెట్టె తెరిచి నిలబడే నాలుగు అరిసెలు తినేసింది, అయిదోది చేత్తో పట్టుకుని ఏడ్చింది. తర్వాత వంటింటి పక్కనున్న చిన్న సామాన్ల గది చూపించింది. ప్యాంట్రీ అంటారు. కుడివైపు అరల్లో మన కందిపప్పు, చింతపండు, మినపగుళ్లు. ఎడమవైపు అరలు శుభ్రంగా తుడిచి ఉన్నాయి, వాటిలో ఏమీ లేదు.

"అదేంటే, సగం ఖాళీగా ఉంది?" అన్నాను.

"అది టోనీ సైడ్ పిన్నీ. వారానికి సరిపడా ప్యాకెట్లు సూపర్ మార్కెట్‌లో కొంటాను, అయిపోతాయి. వాళ్ల ఇళ్లలో ఏడాదికి సరిపడా స్టాక్ చేస్తారు, మనం ఆవకాయ పెట్టుకున్నట్టు. నాకు అది రాదు."

అసలు సంగతి మర్నాటికి బయటపడింది. టోనీని పెంచింది వాళ్ల నాయనమ్మ. నోన్నా అంటారు. బ్రూక్లిన్‌లో ఒక్కతే ఉంటుంది. పెళ్లికి వచ్చి చర్చిలో కూర్చుంది గానీ విందులో ముద్ద ముట్టకుండా వెళ్లిపోయింది. ఏడాదిగా ఈ ఇంటి గడప తొక్కలేదు. ఫోన్ చేసి పిలిచినప్పుడల్లా "చూద్దాం" అంటుంది. టోనీని అడిగితే, "ఆవిడ అంతే, వదిలేయ్" అంటాడు. మగవాళ్లు ఏ దేశంలోనైనా ఇంతే.

"నా ఇంట్లో తినడానికి ఏముంటుందిలే అనుకుంటోంది పిన్నీ. ఒక్కసారి ఆ అరలన్నీ నింపి పిలుస్తాను. అప్పుడు కూడా రాకపోతే ఇంక లైఫ్‌లో పిలవను" అంది రూతు. దానికి అయిదో నెల. పుట్టబోయే బిడ్డకి ఆవిడ ముత్తవ్వ. రూతు అన్నంత పనీ చేసే పిల్ల, చిన్నప్పట్నుంచీ నాకు తెలుసు. నాకు భయం వేసింది.

"ఫోన్లో పిలిస్తే మన వైపు మాత్రం ఎవరొస్తారే? ఇంటికెళ్లి పిలవాలి. ముందు సామాను కొందాం, ఆ చేత్తోనే బ్రూక్లిన్ వెళ్లి పిలుద్దాం. నా సారె ఇంకా పూర్తి కాలేదనుకో" అన్నాను.

రూతు ఆస్పత్రిలో సెలవు తీసుకుంది. టోనీ తన పెద్ద కారు మాకు వదిలి రైల్లో పనికి పోయాడు.

హామంటన్, టమాటా తోటలు

న్యూజెర్సీ అంటే ఫ్యాక్టరీలూ పొగగొట్టాలే అనుకున్నాను. దక్షిణానికి రెండు గంటలు పోయేసరికి ఇసక నేలలూ తోటలూ వచ్చాయి. ఇక్కడ రైతులు చాలామంది ఇటలీ వాళ్లట. రోడ్డు పక్కనే బల్ల వేసి అమ్ముతున్నారు. మన వంకాయలున్నాయి, బజ్జీ మిరపకాయలున్నాయి, బీరకాయకి అన్నలాంటి పొడుగు కాయ ఒకటుంది. టమాటాలు మాత్రం మన వాటిలా గుండ్రంగా లేవు, కోలగా, కండ ఎక్కువగా, గింజ తక్కువగా ఉన్నాయి. ఏడాదికి సరిపడా రసం తీసి సీసాల్లో పట్టేది వీటినేనట. ఇటలీ వంటకి మన చింతపండు ఎంతో అది అంత.

తోట పెద్దాయన గడ్డి టోపీ తీసి నాకు నమస్కారం లాంటిది చేసి, ఒక కాయ చేతికిచ్చి కొరకమన్నాడు. కొరికాను. సగం రసం నా మంగళగిరి చీర మీదికి పోయింది. ఆయన కంగారు పడకుండా లోపలికెళ్లి రొట్టె ముక్కలు తెచ్చాడు. టమాటాని రొట్టెకేసి రుద్ది, నూనె చల్లి, ఒక ఎండుకొమ్మని దాని మీద నలిపాడు. వాసన చూద్దును కదా, అచ్చం వాము! ఒరెగానో అంటారు. మా పెరట్లో వామాకు నలిపితే వచ్చే వాసన పదివేల మైళ్ల అవతల రొట్టె మీద వచ్చేసరికి రెండు ముక్కలు ఎక్కువే తిన్నాను.

బుట్ట ఆరు డాలర్లు. మన లెక్కలో డెబ్బై రూపాయల దాకా. కానీ బుట్టంటే పాతిక కిలోలకి తక్కువుండదు. రూతు నాలుగు బుట్టలు కొంది.

"ఇన్నెందుకే?"

"బాటిల్స్ పట్టడం పుస్తకం చూసి నేర్చుకుంటాను పిన్నీ. ఆవిడొచ్చి చూసేసరికి టాప్ షెల్ఫ్ మొత్తం నా సీసాలే ఉండాలి."

సాగనంపుతూ పెద్దాయన ఎండిన ఒరెగానో కట్ట ఒకటి ఊరికే ఇచ్చాడు. తలకిందులుగా వేలాడదీయమన్నాడు. ఆ రాత్రి మేం దిగిన చోట గదంతా మా బందరు ఇంట్లో జలుబు చేసినప్పటి వాసనే.

ఫిలడెల్ఫియా, తొమ్మిదో వీధి

మన రైతుబజారులాంటి వీధే, కాకపోతే పైన రేకు పందిళ్లు. కేకలు మాత్రం మన వాళ్ల కేకలే. మేం వెళ్లిన కొట్లో పైకప్పు నుంచి చీజులు, పంది మాంసపు గొట్టాలు వేలాడుతున్నాయి. గొట్టాల మీద తెల్లటి బూజు. పాడైపోయాయని నేను ముక్కు మూసుకుంటే, ఆ బూజు ఉంటేనే సరుకు మంచిదని రూతు చెవిలో చెప్పింది. అయినా దాన్ని ఇంటికి తేవడానికి నేను ఒప్పుకోలేదు. సారెలో బూజు పట్టిన వస్తువు పెడతామా?

కొట్టు ఓ మూల పలకల్లా నిలబెట్టిన తెల్లటి ఎండుచేపలు కనిపించాయి. ఇంక నన్ను ఆపేవాళ్లెవరు? బందరు మనిషిని. ఒకటి తీసి వంచాను, వాసన చూశాను, తోక దగ్గర గోటితో గీకాను, కాదని ఇంకోటి తీశాను. కౌంటరు వెనకాల నల్ల గౌనులో ఉన్న కొట్టావిడ అంతా చూసి పగలబడి నవ్వింది. "చీరలో వచ్చి మా అమ్మలా బేరం చేస్తోందే!" అందట. ఉప్పు పోవడానికి రెండు రోజులు నీళ్లు మార్చి మార్చి నానబెట్టాలని ఆవిడ చెప్పింది. మేమూ అంతేనని నేను చెప్పాను.

ఆ స్నేహంలో సామానంతా ఆవిడే దగ్గరుండి కట్టించింది. ఆలివ్ నూనె డబ్బా ఒకటి, అరచేతిలో పట్టేంత గట్టి చీజు ముక్క, ఉప్పులో ఊరేసిన చిన్న చేపలు, ఉప్పులోనే ఊరేసిన కేపర్లనే మొగ్గలు, రకరకాల ఎండు పాస్తాలు, గోధుమ రవ్వ, శనగలు. చివర్న శనగపిండి కూడా. సిసిలీ వాళ్లు దాంతో మన బజ్జీలకి దగ్గర చుట్టాన్ని చేసుకుంటారట.

ఎందుకైనా మంచిదని రూతు ఒక పెట్టెడు డబ్బా టమాటాలు కూడా అడిగింది. కొట్టావిడ చెయ్యి ఆగిపోయింది.

"కొత్త కాపరమా?"

"ఏడాదైంది."

"మీ ఆయనకి నోన్నా లేదా?"

"ఉంది. బ్రూక్లిన్‌లో."

"బతికే ఉందా?" అంటూ ఆవిడ ఆ పెట్టెని మళ్లీ కిందికి తోసేసింది. "నోన్నా బతికుండగా టమాటాలు కొంటారా ఎవరన్నా? కొత్త కోడలు వెళ్లి, నా అర ఖాళీగా ఉంది అని అడగాలి. అడిగితే పెద్దావిడ వచ్చి తన చేత్తో మొదటి సీసాలు సర్దుతుంది. ఆ తర్వాతే ఆ ఇంట్లో తింటుంది. మా వైపు పద్ధతి ఇది. నువ్వు అడిగావా?"

నేను అర్థం అడిగితే రూతు ఒక్కో ముక్కా తెలుగులో చెప్పింది. అడగలేదు. అలా అడగాలని దానికి ఎలా తెలుస్తుంది? టోనీకే తెలియదు. అత్తవారింట్లో చెయ్యి చాచి ఏదీ అడక్కు, కావలసినవి మనమే పంపాలి, అని మా అక్క దానికి ఉగ్గుపాలతో నేర్పింది. నేనూ అదే నేర్పాను. రూతు అడుగుతుందేమోనని ఆ ముసలావిడ ఏడాదిగా చూస్తోంది. ఇదేమో ఆవిడ వస్తుందేమోనని ఏడాదిగా చూస్తోంది. పైగా మేం కారు నిండా టమాటాలు వేసుకుని ఆవిడ ఇంటి మీదికే వెళ్తున్నాం!

ఇద్దరం సామాను సర్దుకుని కారెక్కాం.

"నేను అడగలేను పిన్నీ" అంది రూతు. "అడిగాక లేదు అంటే?"

నన్ను అడగమన్నా నేనూ అడగలేను. అక్కడికీ ధైర్యం చెప్పాలి కదా అని, "అంటే అననీ. అప్పుడు అర నేను నింపుతాను" అన్నాను. ఆ మాటలో నాకే నమ్మకం లేదు.

బ్రూక్లిన్

ఆ రాత్రి రూతుకి తెలిసిన నర్సు ఇంట్లో పడుకుని మర్నాడు బ్రూక్లిన్ చేరాం. ఎర్ర ఇటుకల ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. నోన్నా తలుపు తీసింది. పొట్టి మనిషి, నల్ల గౌను, చెవులకి బంగారు పోగులు. వరసకి నాకు ఏమవుతుందో దారంతా లెక్క వేసి పిన్నిగారని తేల్చుకున్నాను గానీ, ఆ ముఖం చూశాక నమస్కారం తప్ప ఇంకేం నోట్లోంచి రాలేదు. ముందుగదిలో కూర్చోబెట్టి బొటనవేలంత కప్పుల్లో కాఫీ ఇచ్చింది. కషాయం కన్నా చేదు. పక్కన బిస్కెట్టు ముక్క కూడా లేదు. ఇంటికొచ్చిన మనిషికి వట్టి కాఫీ ఇచ్చారంటే మా వైపు దాని అర్థం వేరే చెప్పక్కర్లేదు.

"మా అక్క తరఫున పిలవడానికి వచ్చాను. వచ్చే ఆదివారం రూతు ఇంటికి భోజనానికి రావాలి" అని నా స్కూలు ఇంగ్లీషులో అన్నాను.

"చూద్దాం" అంది ఆవిడ.

బల్ల కింద రూతు కాలు తొక్కాను. అది కప్పులోకే చూస్తోంది. మళ్లీ తొక్కాను. ఇంక లాభం లేదనుకుని నేను లేవబోతుంటే రూతు నోరు విప్పింది.

"నోన్నా, మా ప్యాంట్రీలో పై అర ఖాళీగా ఉంది. నీ దగ్గర ఏమైనా ఉంటే..." అని ఆగిపోయింది. మెడంతా ఎర్రబడింది.

నోన్నా లేచి కిటికీ దగ్గరికి వెళ్లి తెర పక్కకి జరిపింది. కింద మా కారు. వెనక అద్దంలోంచి నాలుగు బుట్టలూ ఎర్రగా, నిండుగా కనపడుతున్నాయి.

"ఖాళీగా ఉందా? మరి అవి ఎవరివి?"

ఇరవై ఏళ్లుగా ఆదివారం బడిలో పిల్లలకి అబద్ధమాడకూడదని చెబుతున్న నేను, ఆ క్షణంలో ఏమాత్రం తడుముకోకుండా, "అవి నావి. పచ్చడికి" అన్నాను.

"నాలుగు బుట్టలా?"

"మా వైపు అంతే పెడతాం."

"ఎలా పెడతారు?"

పరీక్ష పెడుతోందని తెలుస్తూనే ఉంది. ముక్కలు కోసి ఉప్పూ పసుపూ వేసి ఊరబెడతామని, తర్వాత రసం పిండి ముక్కల్ని ఎండలో పోస్తామని చెప్పాను.

"ఎండలోనా?"

"ఎండలోనే. మూడు రోజులు."

ఆవిడ రూతు భుజం మీద తట్టి, వెంట రమ్మని మెట్లు దిగింది. ఇంటి కింద నేలమాళిగ. ఎటు చూసినా అరలే, అరల నిండా టమాటా సీసాలే. వేలు దూర్చడానికి చోటు లేదు. ఒక్కో మనవడికి ఒక్కో వరస. చివరి వరస మీద ఉతికిన తెల్లగుడ్డ కప్పి ఉంది. ఆవిడ గుడ్డ తీసింది.

"ఇవి టోనీవి. పోయిన ఏడాదివి. ఎవరూ అడగలేదు" అంది.

రూతు చెయ్యి చాచబోతే, "ఆగు. మోసుకెళ్లేది నువ్వు కాదు. నేను తెస్తాను. ఆదివారం" అంది.

పైకొచ్చాక శనగపిండి బిళ్లలు నూనెలో వేయించి, వద్దన్నా వినకుండా పెట్టింది. మన బజ్జీలకన్నా కారం తక్కువ, అంతే తేడా. కారులో కూర్చోగానే రూతు స్టీరింగు మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "ఏడాది పిన్నీ. ఏడాదిగా అక్కడే ఉన్నాయి." నాకూ ఏడుపొచ్చింది. ఆ పూట మేం చేసిన ప్రయాణంలో స్వేచ్ఛాదేవిని కూడా రూతు చూపిస్తేనే చూశాను.

మళ్లీ ఎడిసన్

అబద్ధం ఆడినందుకు శిక్ష వెంటనే పడింది. వంద కిలోల టమాటా పచ్చడి! రూతు వాళ్ల ఊళ్లోని ఓక్ ట్రీ రోడ్డులో అప్పటికి మన దుకాణాలు ఒకటో రెండో. అక్కడున్న కారమూ మెంతులూ చింతపండూ అన్నీ తెచ్చేశాం. టోనీ సెలవు పెట్టి మరీ కత్తి పట్టాడు. పెరట్లో పచ్చిక మీద దుప్పట్లు పరిచి ముక్కలు ఎండబెట్టాం. కాకులు లేవు గానీ అమెరికా ఉడతలు వాటిని మించినవి. నేను గొడుగు పట్టుకుని కుర్చీలో కాపలా కూర్చుంటే, పక్కింటి ఆవిడ కంచె మీంచి చూసి, అంతా బాగానే ఉందా అని రోజూ అడిగేది. ఎడమవైపు అరల్లో ఫిలడెల్ఫియా సామాను సర్దాం. పై అర మాత్రం తుడిచి వదిలేశాం.

ఆదివారం ఉదయం టోనీ వెళ్లి నోన్నాని తెచ్చాడు. వస్తుందో రాదోనని రూతు కిటికీ దగ్గరే నిలబడి ఉంది. నోన్నా కారులో ఒళ్లో సీసాల పెట్టె పెట్టుకుని కూర్చుని ఉంది. టోనీ అందుకోబోతే ఇవ్వలేదు. తిన్నగా ప్యాంట్రీలోకి వెళ్లి, స్టూలెక్కి, మేం ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని చూస్తుండగా, ఒక్కో సీసా పై అరలో సర్దింది. ఎండుచేప తీసి తోక దగ్గర గోటితో గీకింది. ఎవరు కొన్నారని అడిగింది. రూతు నన్ను చూపించింది.

భోజనాల దగ్గర ఆవిడ ఉప్పు అడిగితే, నేను చేతికివ్వకుండా బల్ల మీద పెట్టాను. ఉప్పు చేతికిస్తే తగువులొస్తాయని మా అమ్మ పట్టింపు. అదేంటని టోనీ నవ్వాడు. "నవ్వకు, మా అమ్మా చేతికిచ్చేది కాదు" అని నోన్నా వాడిని కసిరింది. రూతు వండిన పాస్తా రెండోసారి వడ్డించుకుంది. బాగుందని అనలేదు. పెద్దవాళ్లు అంత తొందరగా అనరు.

తర్వాత పెరట్లోకి వచ్చింది. ఇంకా ఒక దుప్పటి ముక్కలు ఎండుతున్నాయి. మెల్లగా వంగి కూర్చుని, మేం చెప్పకుండానే ఒక్కో ముక్కా తిరగేయడం మొదలుపెట్టింది. సిసిలీలో వాళ్లమ్మ చెక్కల మీద ఇలాగే టమాటా గుజ్జు ఎండబెట్టేదట. బ్రూక్లిన్‌లో ఎండబెట్టడానికి ఎండ తగిలే నేల లేక మానేసిందట. నేనూ పక్కన కూర్చుని తిరగేశాను. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులే, లేవడానికి రూతు ఇద్దరికీ చెయ్యివ్వాల్సి వచ్చింది. కొత్త పచ్చడి రొట్టెకి రాసి ఇస్తే ఒక ముక్క తిని ముక్కూ కళ్లూ తుడుచుకుంది, నీళ్లు తాగింది, రెండో ముక్క అడిగింది.

సాయంత్రం టోనీ కారు తీశాడు. నోన్నా గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. చేతిసంచీలోంచి గుడ్డలో చుట్టిన ఖాళీ సీసా ఒకటి తీసింది. బ్రూక్లిన్ నుంచే తెచ్చుకుంది. దాన్ని రూతు ముందు బల్ల మీద పెట్టి, "రూత్, నా అర ఒకటి ఖాళీగా ఉంది" అంది.

ఆ నేలమాళిగలో వేలు దూర్చడానికి చోటు లేదని మేమిద్దరం చూసినవాళ్లమే. రూతు సీసా అందుకుని అంచు దాకా పచ్చడి నింపింది.